పిలుపు పోయిందా, ఓపిక పోయిందా?

బెంగళూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. తన పేరు, తన క్రైస్తవ సంఘం పేరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై ఆరేళ్లు, సొంతూరు ప్రకాశం జిల్లా. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి కె.ఆర్. పురం వైపు స్థిరపడ్డారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. వాళ్ల తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. వేరే సంఘం వాళ్ల గుడిలో పొద్దున ఇంగ్లిష్, కన్నడ ఆరాధనలు అయిపోయాక మధ్యాహ్నం మూడింటికి వీళ్ల ఆరాధన. అదే సమయంలో మెట్ల కింద, చెప్పులు విడిచే చోటు పక్కన సండే స్కూల్. అంతకుముందున్న టీచర్ పెళ్లయి వెళ్లిపోతే, "రెండు వారాలు చూసుకో అమ్మా" అని పాస్టరమ్మ గారు అడిగారట. ఆ రెండు వారాలు ఆరేళ్లయ్యాయి. పిల్లలు తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. అందుకని శనివారం రాత్రి కూర్చుని కంఠత వాక్యాన్ని చార్టు మీద తెలుగులో రాసి, దాని కింద ఇంగ్లిష్ అక్షరాల్లో మళ్లీ రాస్తారు.

ఆ క్లాసులో పన్నెండేళ్ల అబ్బాయి ఉన్నాడు. వాళ్ల నాన్న చాలాకాలం డయాలిసిస్ మీద ఉన్నారు. సంఘం ఉపవాస ప్రార్థన పెట్టింది. విశ్వాసంతో అడిగితే స్వస్థత తప్పదని ఒక సంఘ పెద్ద గట్టిగా చెప్పారు. వేసవి సెలవుల్లో ఆ తండ్రి చనిపోయారు. తర్వాత క్లాసుకు వచ్చిన మొదటి ఆదివారమే ఆ పిల్లవాడు, "నా విశ్వాసం చాలలేదా అక్కా?" అని అడిగాడు. "లేదు నాన్నా, నువ్వు బాగానే ప్రార్థన చేశావు. ఎందుకిలా జరిగిందో నాకు తెలియదు" అని ఆమె చెప్పారు. అక్కడితో ఆగకుండా, "ఆ అంకుల్ అలా చెప్పడం తప్పు" అని కూడా అనేశారు.

మాట ఇంటింటికీ పాకింది. కమిటీ పిలిచింది. బోధకులకు కఠినమైన తీర్పు ఉంటుందని యాకోబు పత్రికలో ఉన్న వాక్యం చదివి వినిపించారు. ఇకనుంచి ప్రతి పాఠం శనివారంలోగా తనకు చూపించాలనీ, పుస్తకంలో లేని ప్రశ్నలకు జవాబు చెప్పవద్దనీ పాస్టర్ గారు అన్నారు. ఇంట్లో భర్త, "వారానికి ఒక్క సెలవు, అదీ వాళ్లకే. జీతమా, గీతమా?" అంటున్నారు. సంఘం నుంచి విడిపోయి ఇంట్లో సహవాసం పెట్టుకున్న ఒక కుటుంబమేమో, "నీలో వరం ఉంది, మా దగ్గరికి వచ్చి బోధించు" అని ఫోన్లు చేస్తోంది. ఆ అబ్బాయి మూడు వారాలుగా రావడం లేదు.

"నాకు కలలో గానీ ప్రార్థనలో గానీ ఏ స్వరమూ వినపడలేదు. అసలు నాకు బోధించే పిలుపు ఉందా? మానేస్తే యోనాలాగా పారిపోయినట్టా? ఆదివారం వస్తోందంటేనే టెన్షన్‌గా ఉంటోంది" అని ఉత్తరం ముగించారు.

సోదరీ,

మీరు ఒక్క ప్రశ్నే అడిగాననుకుంటున్నారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో నాలుగు కనిపిస్తున్నాయి. పిల్లవాడికి మీరు చెప్పిన జవాబు, సంఘ పెద్ద గురించి అన్న మాట, పాస్టర్ గారి షరతులు, మీ అలసట. ఈ నాలుగూ ముడిపడిపోయి మీకు 'పిలుపు ఉందా, లేదా' అనే ఒకే ప్రశ్నగా కనిపిస్తున్నాయి. కమిటీ ముందు నిలబడి వచ్చిన మనిషికి అలా అనిపించడం సహజమే.

ముందుగా ఆ పిల్లవాడి సంగతి. "నీ విశ్వాసం తక్కువై కాదు" అని మీరు చెప్పింది బైబిల్‌కు విరుద్ధం కాదు. రోగుల కోసం పెద్దలు ప్రార్థన చేయాలని యాకోబు పత్రిక ఐదో అధ్యాయం చెబుతుంది. మీ సంఘం ఉపవాసం ఉండి ప్రార్థించడంలో తప్పేమీ లేదు, ఆ కుటుంబానికి అది తోడుగా నిలిచే ఉంటుంది. అదే కొత్త నిబంధనలో పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. తన తోటి పనివాడు త్రోఫిము జబ్బుపడితే అతన్ని మిలేతులో వదిలి వచ్చానని ఆయనే రాశాడు. తిమోతికి తరచూ ఒంట్లో బాగుండకపోతే, కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా ఇచ్చాడు. వీళ్లలో ఎవరినీ 'నీకు విశ్వాసం చాలలేదు' అనలేదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది ఇతనా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, వీళ్లెవరూ కాదని యేసు చెప్పిన సంగతి మీకు నేను గుర్తు చేయక్కర్లేదు. ఆ పాఠం మీరు పిల్లలకు చెప్పే ఉంటారు.

"నాకు తెలియదు" అన్నందుకు మీరు ఎక్కువ బాధపడుతున్నట్టున్నారు. టీచర్ అన్నాక అన్నీ తెలిసుండాలని మన సంఘాల్లో ఒక అభిప్రాయం ఉంది. యోబు గ్రంథం చివర్లో దేవుడు ఎవరి మీద కోప్పడ్డాడో చూడండి. యోబు కష్టానికి కారణాలు వరుసగా వివరించిన అతని ముగ్గురు స్నేహితుల మీద. తన గురించి వాళ్లు సరిగా మాట్లాడలేదన్నాడు. ఆ ముగ్గురూ మొదట్లో ఏడు రోజులు నోరు మెదపకుండా యోబు పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పనల్లా అదొక్కటే అనిపిస్తుంది నాకు.

ఇక ఆ రెండో మాట. "ఆ అంకుల్ అలా చెప్పడం తప్పు." ఇక్కడ మీ పాస్టర్ గారి వైపు నుంచి చూస్తాను. పన్నెండేళ్ల పిల్లల ముందు ఒక పెద్దమనిషిని పేరు పెట్టకుండానే పట్టించినట్టయింది. ఆ పిల్లల్లో ఆయన మనవడో మేనకోడలో ఉండొచ్చు. పిల్లవాడి దుఃఖానికి ఆ మాట అవసరం లేదు. మీ కోపానికి అవసరమైంది. అపొల్లో అలెక్సంద్రియ నుంచి వచ్చిన విద్వాంసుడు, మంచి వక్త. అయినా అతని బోధలో లోటు ఉంది. అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు సమాజమందిరంలో లేచి నిలబడి ఆ లోటు ఎత్తిచూపలేదు. అతన్ని చేర్చుకుని దేవుని మార్గాన్ని ఇంకా వివరంగా చెప్పారు. దిద్దినవాళ్లలో ఒక స్త్రీ ఉందని మీ కమిటీకి గుర్తుచేయాలని నాకు మనసులో ఉంది కానీ, ఈ సమయంలో అది మీకు మేలు చేయదు. ఇంకోసారి చూద్దాం.

కాబట్టి ఆ పెద్దాయన ఇంటికి మీరే వెళ్లండి. "పిల్లల ముందు మీ మాట ఎత్తడం నా పొరపాటు, క్షమించండి" అని అంతవరకే చెప్పండి. "అబ్బాయికి చెప్పిన జవాబు మాత్రం వెనక్కి తీసుకోలేను" అని కూడా మెల్లగా చెప్పవచ్చు. ఆయన ఒప్పుకుంటే సంతోషం. ఒప్పుకోకపోయినా, ఇకమీదట ఎవరు నిలదీసినా తలెత్తుకుని మాట్లాడగలుగుతారు.

మీ మీద ప్రయోగించిన ఆ వాక్యం గురించి కొంచెం ఎక్కువ మాట్లాడాలి. బోధకులకు కఠినమైన తీర్పు ఉంటుంది కాబట్టి అనేకులు బోధకులు కావద్దని యాకోబు రాసిన మాట నిజమే. అయితే ఆయన 'మీకు' తీర్పు అనలేదు, తనను కూడా కలుపుకుని 'మనకు' అన్నాడు. వెంటనే, అనేక విషయాల్లో మనమందరం తప్పిపోతున్నామన్నాడు. ఆ అధ్యాయం తర్వాత ఎటు వెళ్తుంది? గుర్రం నోటి కళ్లెం, ఓడ చుక్కాని, అడవిని తగలబెట్టే నిప్పు. అంతా నాలుక గురించే. ఒకే నోటితో దేవుణ్ణి స్తుతించి, అదే నోటితో ఆయన పోలికలో పుట్టిన మనుషుల్ని శపిస్తామా అని అడుగుతుంది. బోధకుడి చదువు ఎంత, డిగ్రీ ఏమిటి అనే లెక్క ఆ అధ్యాయంలో లేదు. నోరు ఎవరిని నిలబెట్టింది, ఎవరిని పడగొట్టింది అనేదే లెక్క. ఆ లెక్క మీకూ వర్తిస్తుంది, స్వస్థత ఖాయమని హామీ ఇచ్చిన పెద్దాయనకూ వర్తిస్తుంది, నెలనెలా ఇలా సలహాలు రాసే నాకూ వర్తిస్తుంది. మీ మాటల్లో ఒకటి పిల్లవాణ్ణి నిలబెట్టింది, ఇంకొకటి పెద్దాయన్ని పడగొట్టింది. మీ లెక్క అంతే. దానికి ఆరేళ్ల సేవ మొత్తాన్ని కొట్టేసుకోవాల్సిన పని లేదు.

స్వరం వినపడలేదంటున్నారు. సమూయేలుకు వినపడింది, కానీ అది దేవుని స్వరమని అతనికి తెలియలేదు. మూడుసార్లు యాజకుడు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. చివరికి ఏలీ చెబితే తెలిసింది. అంతియొకయలో సంఘం పని పెరిగిపోతే బర్నబా తార్సు దాకా వెళ్లి సౌలును, అంటే పౌలును, వెతికి తీసుకొచ్చాడు, ఇద్దరూ అక్కడ ఏడాదిపాటు చాలామందికి బోధించారు. ఆ పనికి సౌలు వెళ్లింది సాటి మనిషి వచ్చి తీసుకెళితేనే. పాస్టరమ్మ గారు మెట్ల దగ్గర నిలబడి "రెండు వారాలు చూసుకో అమ్మా" అన్నది మీకు వచ్చిన పిలుపు కాకూడదని ఎక్కడా లేదు. తండ్రి పోయిన పిల్లవాడు ఇంట్లో ఎవరినీ అడగలేని ప్రశ్న తెచ్చి మిమ్మల్ని అడిగాడు చూశారా, బోధించే వరానికి నాకు తెలిసిన గుర్తుల్లో అది పెద్దది.

అయితే వరం వేరు, బాధ్యత వేరు, కుర్చీ వేరు. వరం ఉన్నంతమాత్రాన ఆ కుర్చీలో మీరే ఎల్లకాలం కూర్చోవాలని లేదు. దేవుని గుడారంలో పనిచేసే లేవీ గోత్రం వాళ్లు ఇరవై ఐదో ఏట ఆ సేవలో చేరి, యాభై ఏళ్లకు ఆ పని మానుకోవాలని సంఖ్యాకాండంలో నియమం ఉంది. ఆ తర్వాత తోటివాళ్లకు సాయం మాత్రం చేయవచ్చు. దేవుని పనికి కూడా ఎక్కి దిగే వయసులు ఉన్నాయన్నమాట. యోనా సంగతంటారా, నీనెవెకు వెళ్లి ప్రకటించమని దేవుడు పంపితే అతను అలసిపోయి పారిపోలేదు. నీనెవె వాళ్లను దేవుడు ఎక్కడ క్షమించేస్తాడోనని పారిపోయాడు, నాలుగో అధ్యాయంలో తనే ఒప్పుకున్నాడు. మీకు ఎవరి మీదా అలాంటి కసి లేదు. మీకున్నది నిద్ర లేమి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఉండిపోవడం ఒకటి. ఉంటే పాస్టర్ గారి మొదటి షరతుకు ఒప్పుకోండి. పాఠం ముందుగా చూపించడం అవమానం కాదు. సంఘంలో ఏ బోధ జరిగినా రేపు జవాబు చెప్పుకోవాల్సింది కాపరే, ఆయన చూస్తానంటే అడిగే హక్కు ఉంది. శనివారం కాకుండా గురువారం పంపిస్తానని చెప్పండి. మీకు శనివారం రాత్రి మిగులుతుంది. రెండో షరతు దగ్గర మాత్రం ఆగండి. పుస్తకంలో లేని ప్రశ్నలకు నోరు విప్పని టీచర్ దగ్గర పిల్లలు రెండు నెలల్లో ప్రశ్నలు మానేస్తారు. ఇంటికెళ్లి ఫోన్‌లో వెతుక్కుంటారు, అక్కడ ఎవరేం చెబుతారో మీ పాస్టర్ గారికీ తెలియదు. ఇదే మాట ఆయనతో అనండి. "సిద్ధాంతానికి సంబంధించిన ప్రశ్న వస్తే మిమ్మల్ని అడిగి వచ్చేవారం చెబుతాను. ఏడుస్తున్న పిల్లల్ని మాత్రం వచ్చేవారం దాకా ఆపలేను." ఆయన దీనికి సరేనంటే మీరు నిశ్చింతగా కొనసాగవచ్చు. ససేమిరా అంటే, క్లాసులో ప్రతిసారీ మీ నోరు మీరే నొక్కుకుంటూ కూర్చోవాలి. అలా ఏడాది గడపగలరా లేదా అన్నది మీకే తెలియాలి. నాకు అనుమానమే.

కొంతకాలం పక్కకు జరగడం రెండోది. దీన్ని చాలామంది తప్పుగా చేస్తారు. ఒక ఆదివారం రాకుండా ఊరుకుంటారు, తర్వాత ఫోన్ ఎత్తరు. మీరలా చేస్తే అలిగి వెళ్లిందంటారు, మీ పిల్లలు కూడా ఆ మాట వినాల్సి వస్తుంది. ఫలానా నెల వరకు చేస్తాను, ఆ తర్వాత ఆరు నెలలు విశ్రాంతి కావాలి అని రాసి ఇవ్వండి. మీ ఉత్తరంలో ఒక కాలేజీ అమ్మాయి రంగులు, పెన్సిళ్లు పంచడానికి సాయం చేస్తుందని రాశారు కదా, ఈలోగా పాఠంలో సగం ఆమెతో చెప్పించండి. ఇందులో నష్టం కూడా చెప్పాలి. ఆరు నెలల తర్వాత మీ చోటు మీకు తిరిగి దొరక్కపోవచ్చు. కొత్త టీచర్ మీకన్నా బాగా చేయవచ్చు, అది ఇంకా కష్టంగా అనిపిస్తుంది. అప్పుడు ఆదివారం బెంచీ మీద మామూలు విశ్వాసిగా కూర్చోగలనా అని ఇప్పుడే ఆలోచించుకోండి.

మూడోది, ఆ ఇంటి సహవాసానికి వెళ్లడం. నిర్ణయం మీదే గానీ నాకైతే ఇప్పుడు వద్దనిపిస్తోంది. దెబ్బ తిన్న మనిషికి "నీలో వరం ఉంది" అనే మాట చాలా తియ్యగా ఉంటుంది. ఆ కుటుంబం మిమ్మల్ని ఎందుకు పిలుస్తోంది? పిల్లలకు టీచర్ కావాలనా, పాత సంఘం నుంచి ఇంకో మనిషి వచ్చిందని చూపించుకోవాలనా? రెండూ కావచ్చు. మీరు వెళితే ఆ పన్నెండేళ్ల అబ్బాయి విషయం రెండు గుంపుల మధ్య పోట్లాటకు సాకు అవుతుంది, వాళ్లమ్మ నలిగిపోతుంది. పైగా అక్కడ మీరు తప్పు చెబితే దిద్దేవాళ్లు ఎవరు? మీ పాస్టర్ గారి పద్ధతి మీకు నచ్చకపోయినా, అడిగేవాడంటూ ఒకరు ఉన్నారు.

అయినా వెళ్లాలనే అనుకుంటే, రెండు సంగతులు ముందే తేల్చుకోండి. పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తలుపు తీసే ఉండాలి. ఇంట్లో జరిగే క్లాసుల్లో ఈ మాట ఎవరూ ఎత్తరు, అందరం ఒక్క కుటుంబమే కదా అంటారు. ఇంకొకటి, లైంగికంగా తమకు హాని జరిగిందని ఏ పిల్లలైనా చెబితే, పెద్దల మధ్య కూర్చుని సర్దుకునే విషయం కాదది. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. 1098కి ఫోన్ చేస్తే పిల్లలకు సాయం అందుతుంది. మీ ఇప్పటి సంఘంలో కూడా ఈ సంగతి ఎంతమంది సండే స్కూల్ టీచర్లకు తెలుసో కనుక్కోండి.

మీ వారి మాట నాకు మరీ అన్యాయంగా అనిపించలేదు. "జీతమా, గీతమా" అన్నందుకు ఆయనకు చరిత్ర కూడా సాయం వస్తుంది. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూల్ పెట్టినప్పుడు, వారమంతా పనిచేసే బీద పిల్లలకు ఆదివారం చదువు నేర్పడానికి స్త్రీలను కుదుర్చుకుని రోజుకు ఒక షిల్లింగ్ ఇచ్చాడు. వాక్యం నేర్చుకునేవాడు నేర్పేవాడికి తనకున్న మంచి పదార్థాల్లో భాగం ఇవ్వాలని గలతీయులకు రాసిన పత్రికలో పౌలు కూడా అన్నాడు. జీతం అడగమని నేననడం లేదు. చార్టులు, స్కెచ్ పెన్నులు, బిస్కెట్ ప్యాకెట్లు, ఆటో ఖర్చు ఆరేళ్లుగా మీ పర్సులోంచే పోతున్నాయి. ఏడాదికి ఇంత అని సండే స్కూల్‌కు సంఘం కేటాయించాలని కమిటీని అడగండి. నెలలో ఒక ఆదివారం వేరేవాళ్లు క్లాసు తీసుకోవాలని కూడా అడగండి. పని భారమంతా ఒక్కడే మోస్తున్న మోషేను, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అని హెచ్చరించింది ఆయన మామ యిత్రో. మీ ఇంట్లో ఆ పని మీ భర్త చేస్తున్నారు, మాట కొంచెం కటువుగా ఉంది అంతే.

మీకు చదువు చాలదన్న బెంగ కూడా ఉత్తరమంతా కనిపిస్తోంది. చదవాలని ఉంటే ఉద్యోగం మానక్కర్లేదు. ఇంటి దగ్గరే ఉండి చదువుకునే బైబిల్ కోర్సులను బెంగళూరు కేంద్రంగా టాఫ్‌టీ అనే సంస్థ 1970ల నుంచి నడుపుతోంది. క్రైస్తవ వేదాంత డిగ్రీలిచ్చే శ్రీరాంపూర్ సెనేట్ కూడా ఉద్యోగులకు, గృహిణులకు బయటి విద్యార్థులుగా క్రైస్తవ విద్య చదివే అవకాశం ఇస్తుంది. ఫీజులు, ఇప్పుడు ఏ భాషలో పుస్తకాలు దొరుకుతున్నాయి అన్నవి నేరుగా కనుక్కోండి. విశ్రాంతి తీసుకునే ఆరు నెలల్లో మాత్రం మొదలుపెట్టకండి. విశ్రాంతి అని చెప్పి పరీక్షలకు కూర్చున్నారంటే మీ వారు నన్ను తిడతారు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ అబ్బాయి వాళ్లమ్మకు ఫోన్ చేసి, రావచ్చా అని అడిగి, వాళ్లింటికి వెళ్లండి. టీచర్‌గా వెళ్లకండి. బైబిల్ తెరవాల్సిన పని లేదు, క్లాసుకు ఎందుకు రావడం లేదని అడగాల్సిన పని అసలే లేదు. తినడానికి ఏదైనా పట్టుకెళ్లండి, వాళ్ల నాన్న గురించి వాడు మాట్లాడితే వినండి, క్రికెట్ గురించి మాట్లాడితే అదీ వినండి. మళ్లీ అదే ప్రశ్న అడిగితే మీరు ముందు చెప్పిన జవాబే చెప్పండి. వాడికి సరిగా నిద్ర పట్టడం లేదనో, బడికి వెళ్లనంటున్నాడనో వాళ్లమ్మ చెబితే, ముందు బడిలో కౌన్సెలర్‌తో మాట్లాడమనండి. మీ బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది, అక్కడికి తీసుకెళ్లడం విశ్వాసం లేకపోవడం కాదని ఆమెకు మీరు చెబితేనే నమ్ముతుంది.

ఈ వారంలో అబ్బాయి ఇల్లు, పెద్దాయన ఇల్లు చూసి రండి. పాస్టర్ గారితో మాట్లాడటం ఆ తర్వాత, వీలైతే పాస్టరమ్మ గారు కూడా ఉన్నప్పుడు. ఆ ఇంటి సహవాసం వాళ్లకు మాత్రం ఇవాళే ఫోన్ చేసి, ఇప్పట్లో రాలేనని చెప్పేయండి. వాళ్లను ఆశలో పెట్టి ఉంచితే ఈ సంగతి మీరు చెప్పకముందే మీ కమిటీకి తెలుస్తుంది. క్రిస్మస్ ప్రోగ్రామ్ ప్రాక్టీసులు అక్టోబరులో మొదలవుతాయని రాశారు. ఉండటమో, పక్కకు జరగడమో అంతకుముందే తేల్చండి. గొర్రెల కాపరుల వేషాలు పంచాక మధ్యలో వదిలేస్తే ఇబ్బంది పడేది పిల్లలే.